"నీళ్ళు రాలేదండి" అంటే ఏమని? వాడుక మాటను సందర్భంతో సహా రాసుకునే పద్ధతి

వాడుక భాష సేకరించేవాళ్ళు చాలామంది మాటను రాసుకుంటారు గానీ ఎవరు ఎవరితో అన్నారో వదిలేస్తారు. తర్వాత ఆ వాక్యం దేనికీ పనికిరాదు.

గోదావరి జిల్లాల్లో దాళ్వా (రెండో పంట వరి) రోజుల్లో కాలువ చివరన చేనున్న శివారు రైతు "మా బోదెలోకి నీళ్ళు రాలేదండి" అంటాడు (బోదె అంటే చేలోకి నీళ్ళు తెచ్చే చిన్న కాలువ). కాలువ నీళ్ళు వదిలే లస్కరుతో అంటే తూము ఎత్తమని. పక్క చేనాయనతో అంటే ఇంజను పెట్టి తోడుకుందామా అని. బాకీ అడగొచ్చిన మనిషితో అంటే గడువు కావాలని. వ్యాకరణం మూడుచోట్లా ఒకటే. ఎదుటివాడు సందర్భానికి తగ్గ మాటే అంటున్నాడని వినేవాడు నమ్ముతాడు కాబట్టే ఈ చెప్పని అర్థం అందుతుందని భాషా తత్వవేత్త గ్రైస్ 1975లో వివరించాడు.

అందుకే ప్రతి వాక్యం పక్కన ఎవరు, ఎవరితో, ఎక్కడ, ఏ పనిలో ఉండగా అన్నారో రాయండి. ముందు రెండు మాటలు, తర్వాత రెండు మాటలు తప్పకుండా ఉండాలి. తర్వాతి మాటే అసలు సాక్ష్యం: లస్కరు "రేపు మీ వంతేనండి" అన్నాడంటే దాన్ని అడగడంగానే తీసుకున్నాడు. "అలాగా" అని ఊరుకుంటే తప్పించుకున్నాడేమో చూడాలి.

రికార్డు చేసేముందు అనుమతి తీసుకోండి. ఫోను అరుగు మీద ఇద్దరి మధ్యా పెట్టండి, ఇంజను చప్పుడుకు దూరంగా. మొదట్లో అందరూ పుస్తకాల భాష మాట్లాడతారు. గమనించేవాడు ఉంటేనే మాట మారిపోతుందన్న ఈ చిక్కును భాషాశాస్త్రవేత్త లబోవ్ 1972లోనే ఎత్తిచూపాడు. ఆ మొదటి భాగాన్ని ఉంచుకోండి, లెక్కలోకి మాత్రం తీసుకోకండి. ఇంటి మనిషే రికార్డు చేస్తే ఇంకా మేలు.

"దీని అర్థమేంటండి?" అని అడగొద్దు, నిఘంటువు జవాబే వస్తుంది. "ఇదే మాట మీ మేనల్లుడు మీతో అంటే?" అని అడగండి. ఒకసారికి ఒక్కటే మార్చాలి. మనిషినీ చోటునీ కలిపి మారిస్తే అర్థం దేనివల్ల మారిందో తేలదు.

ఎక్కువమంది బోల్తా పడేది "అండి" దగ్గర. కనిపించిన ప్రతిచోటా గౌరవం అని రాసేస్తారు. గోదావరి జిల్లాల్లో అది మామూలు మాట, ఉండాల్సినచోట లేకపోవడాన్నీ, అలవాటు లేనిచోట రావడాన్నీ పట్టించుకోవాలి. రోజూ "ఏరా" అనే బావమరిదిని ఉన్నట్టుండి "తమరు చెప్పాక కాదంటామాండీ" అన్నారంటే అది ఎత్తిపొడుపో, కోపమో. "ఆయ్" కూడా అంతే: ఒప్పుకోవడం కావచ్చు, వింటున్నానని చెప్పడమే కావచ్చు. అన్నాక ఆ మనిషి పనికి కదిలాడో లేదో రాసుకోండి.

మీ ఊహనూ వాళ్ళు చెప్పిన అర్థాన్నీ వేర్వేరు గడుల్లో పెట్టండి. ఊహను పెన్సిలుతో రాయండి, చెరపాల్సి వస్తుంది.