గుర్రం కుంటుతోందా? ముందు డెక్క ఎత్తి చూడండి

గుర్రం కుంటుతోందనగానే అందరి చెయ్యీ మోకాలి కిందున్న క్యానన్ ఎముక మీదికే పోతుంది. పైనుంచి నిమురుతారు, కాస్త వెచ్చగా తగిలిన చోట కట్టు కట్టేస్తారు. డెక్క మాత్రం ఎత్తరు. ఏళ్ల తరబడి చూస్తున్నాను, ఇదే తంతు.

మోకాలి కింద కండరం ఉండదు. ఎముకలు, టెండన్లు (కండరాన్ని ఎముకకి కలిపే తాళ్లు), లిగమెంట్లు (ఎముకని ఎముకకి కట్టి ఉంచే పట్టీలు), పైన చర్మం, అంతే. ఆ ఎముకల్లో అడుగున ఉన్నవి డెక్కలో దాగి ఉంటాయి: కాఫిన్ ఎముక పూర్తిగా, దాని పైనున్న చిన్న పాస్టర్న్ ఎముక కింది భాగం, ఆ రెంటి వెనక పడవలాంటి నావిక్యులర్. పైపైన నిమిరితే ఇవి చేతికి అందవు.

ఉన్నట్టుండి కాలు మోపడం లేదు, డెక్క వేడిగా ఉంది

క్యానన్ కిందనున్న ఫెట్లాక్ కీలు వెనక, అక్కడుండే రెండు చిన్న సెసమాయిడ్ ఎముకల పక్కన వేలు పెట్టండి. నాడి రెండో కాలికంటే గట్టిగా కొట్టుకుంటుంటే గొడవ డెక్కలోనే. రాయి ఇరుక్కుందేమో, లాడం మేకు పక్కకి దిగిందేమో చూడండి. అదేమీ కాకపోతే చాలాసార్లు లోపల చీము పట్టి ఉంటుంది. ఎముక విరిగిందేమో అన్నంతగా కుంటిస్తుంది. డాక్టరు దారి చేసి చీము వదిలిస్తే తేరుకుంటుంది.

మేకు పీకాక బాగానే నడిచింది, నాలుగు రోజులకి మళ్లీ కుంటు

నన్ను దెబ్బ కొట్టింది ఇదే. డెక్క అడుగున మధ్యలో మెత్తగా ఉండే ఫ్రాగ్‌లో మేకు కనిపించింది. పీకాను, అయోడిన్ పోశాను. ఫ్రాగ్ రబ్బరులా మూసుకుపోయింది, మర్నాటికి చిల్లు ఎక్కడో కూడా తెలియలేదు. గుర్రం మామూలుగా నడిచింది. అయిదో రోజు కాలి కొన మాత్రమే నేలకి ఆనించి, మేత ముట్టకుండా నిలబడింది. మేకు టెండన్ దాటి, నావిక్యులర్‌కీ టెండన్‌కీ మధ్యనున్న సన్నటి తిత్తిలోకి దిగిందట. అప్పటికే అది చీము పట్టింది. ఆపరేషన్ చేసినా ఆ గుర్రం మళ్లీ పరుగెత్తలేదు.

ఫ్రాగ్ మధ్య భాగానికి సరిగ్గా పైనే ఆ తిత్తి, నావిక్యులర్, కాఫిన్ కీలు ఉంటాయి. అక్కడ గుచ్చుకున్న మేకుని వీలైనంతవరకూ పీకకండి. ఇంకా లోపలికి దిగకుండా దాని చుట్టూ మేకుకంటే ఎత్తైన చెక్కముక్కలు పెట్టి టేపు చుట్టండి. గుర్రాన్ని నడిపించకండి, డాక్టర్నే పిలిపించండి. మేకు ఉండగానే ఎక్స్‌రే తీస్తే ఎటు వెళ్లిందో, ఎంత లోతో తెలిసిపోతుంది. పీకక తప్పకపోతే ముందు ఫోటో తీయండి, చిల్లు చుట్టూ గుర్తు పెట్టండి, మేకుని పారేయకండి. తిత్తిలోకి దిగితే అదే రోజు కడిగించాలి. ధనుర్వాతం టీకా సంగతి డాక్టరుకి గుర్తు చేయండి, గుర్రాలకి అది తేలిగ్గా అంటుకుంటుంది. నొప్పి మందు మాత్రం మీ అంతట మీరు ఇవ్వకండి. కుంటు తగ్గినట్టు కనిపిస్తుంది, లోపల చీము పెరుగుతూనే ఉంటుంది.

మోకాలి కింద లోపలి వైపు గట్టి బుడిపె

వయసులో ఉన్న గుర్రమైతే పక్కనుండే సన్నటి స్ప్లింట్ ఎముకని క్యానన్‌కి కట్టి ఉంచే లిగమెంట్ వాచి ఉంటుంది. పని మాన్పించి విశ్రాంతి ఇవ్వండి. బుడిపె మిగిలినా కుంటు పోతుంది. తన్ను తగిలాక వాపు వస్తే మాత్రం ఎక్స్‌రే తప్పదు, ఆ సన్నటి ఎముక వాపు మాటున విరిగి ఉండొచ్చు.

పాస్టర్న్ (ఫెట్లాక్‌కీ డెక్కకీ మధ్య భాగం) దగ్గర ఎముక పెరగడం, సెసమాయిడ్ విరగడం లాంటివి డెక్క జబ్బులంత తరచుగా రావు. డెక్కలో ఏమీ దొరక్కపోతేనే వాటి జోలికి వెళ్లండి.