ఇంగ్లండ్‌లో పాత రైతు లోగిలిని హోటల్, రెస్టారెంట్‌గా మార్చాలంటే: దరఖాస్తు విధానం

ఇంగ్లండ్ పల్లెల్లో అమ్మకానికి వచ్చే పాత రైతు లోగిళ్లు ఫొటోల్లో చాలా ముచ్చటగా ఉంటాయి. ముందు రాతి ఇల్లు, పక్కన పెద్ద బార్న్ (ధాన్యం నూర్చి దాచుకునే కట్టడం), మధ్యలో వాకిలి, దాని చుట్టూ పశువుల కొట్టాలు, బండ్ల పాక. ఇల్లు రిసెప్షన్, కొట్టాలు గదులు, బార్న్ రెస్టారెంట్ అని చూడగానే మనసులో ప్లాన్ గీసేసుకుంటాం. ఆ ప్లాన్ తప్పేమీ కాదు, చాలాచోట్ల చివరికి దాదాపు అదే ఖాయమవుతుంది. కాకపోతే కాగితాల దగ్గరికి వచ్చాక ఒక సంగతి ఆలస్యంగా తెలుస్తుంది. దరఖాస్తు మీద స్థానిక కౌన్సిల్ నిర్ణయం చెప్పడానికి ఉన్న గడువు 8 వారాలే, పెద్ద ప్రాజెక్టయితే 13. నెలలు మింగేది దరఖాస్తు పెట్టకముందు చేయాల్సిన పని. అందులోనూ ముఖ్యమైన భాగం గబ్బిలాల క్యాలెండర్ ప్రకారం నడుస్తుంది. జోక్ కాదు, కింద వివరంగా చెబుతాను.

ఈ పద్ధతి ఇంగ్లండ్‌కే వర్తిస్తుంది. వేల్స్‌లో, స్కాట్లండ్‌లో చట్టాలూ ఆఫీసులూ వేరు.

ముందు జాబితాలో చూడండి

డబ్బు కట్టకముందే చేయాల్సిన పని ఇది. చారిత్రక కట్టడాల జాతీయ జాబితాను హిస్టారిక్ ఇంగ్లండ్ సంస్థ నిర్వహిస్తుంది, ఆన్‌లైన్‌లో ఉచితంగా వెతుక్కోవచ్చు. జాబితాలో ఉన్న కట్టడాలను, అంటే లిస్టెడ్ కట్టడాలను, గ్రేడ్ 1, గ్రేడ్ 2 స్టార్, గ్రేడ్ 2 అని మూడు తరగతులు చేశారు. నూటికి 90కి పైగా గ్రేడ్ 2వే. ‘గ్రేడ్ 2నే కదా’ అని తేలిగ్గా తీసుకోవద్దు. మార్పులు చేయడానికి అనుమతి మూడు తరగతులకూ కావాలి, ఇంటి బయటా లోపలా మొత్తానికీ కావాలి.

చాలామంది తప్పులో కాలేసేది ఆవరణ దగ్గర. జాబితాలో ఇంటి పేరు ఒక్కటే ఉండొచ్చు. అయినా ఆ ఇంటి ఆవరణలో 1948 జూలై 1కి ముందు నుంచీ ఉన్న కట్టడాలకు కూడా అదే రక్షణ వస్తుంది. కొట్టాలు, ప్రహరీ గోడ కూడా అందులోకే రావచ్చు. మరి ఏ కొట్టం ఇంటి ఆవరణ కిందికి వస్తుంది, ఏది విడిగా పొలానికి చెందినది? కట్టడాలు ఎలా అమరి ఉన్నాయి, ఎవరి చేతుల్లో ఉన్నాయి, దేనికి వాడారు అన్నది చూసి తేలుస్తారు. ఇక్కడ సొంత తీర్పు వద్దు, కౌన్సిల్‌ను అడిగి రాతపూర్వకంగా తెప్పించుకోండి.

అనుమతి లేకుండా లిస్టెడ్ కట్టడం రూపు మార్చేలా పని చేస్తే అది నేరం, 1990 నాటి చట్టం ప్రకారం రెండేళ్ల దాకా జైలు, పరిమితి లేని జరిమానా. కేసు పని చేసినవాళ్ల మీదే, కానీ సరిచేయమని వచ్చే నోటీసు ఇప్పటి యజమానికి. దానికి కాలపరిమితి కూడా లేదు. పాత ఓనర్ ఎప్పుడో పెట్టించిన ప్లాస్టిక్ కిటికీలు మీ మెడకు చుట్టుకుంటాయన్నమాట. కొనేముందు మీ సొలిసిటర్‌తో (కొనుగోలు కాగితాలు చూసే లాయర్‌తో) ఈ ఒక్క విషయం గట్టిగా ఆరా తీయించండి.

కట్టడం జాబితాలో లేకపోతే దారి కాస్త సులువు. క్లాస్ ఆర్ అనే నిబంధన కింద వ్యవసాయ కట్టడాలను హోటల్, రెస్టారెంట్ లాంటి వ్యాపారాలకు మార్చుకోవచ్చు. 2024 మే 21 నుంచి దీని పరిమితి 1,000 చదరపు మీటర్లు, అంతకుముందు 500. మార్చేది 150 చదరపు మీటర్లు దాటితే ముందస్తు ఆమోదం కోరాలి. ఇది వాడకం మార్పుకే, కొత్త కిటికీ కొట్టాలంటే దానికి వేరే అనుమతి. లిస్టెడ్ కట్టడాలకు ఇది అసలు వర్తించదు. కాబట్టి ఇక్కడి నుంచి లిస్టెడ్ లోగిలి గురించే చెబుతాను.

గబ్బిలాల లెక్క

పాత బార్న్ పైకప్పులో పెంకుల కింద, దూలాల సందుల్లో గబ్బిలాలు ఉంటాయి. ఇంగ్లండ్‌లో గబ్బిలాలకూ అవి ఉండే చోటుకూ చట్టరక్షణ ఉంది. మీరు వెళ్లి చూసినప్పుడు ఒక్కటీ కనిపించకపోయినా ఆ చోటుకు రక్షణ పోదు.

మొదటి పరిశీలన ఏ నెలలోనైనా చేయించుకోవచ్చు. నిపుణులు టార్చి వేసుకుని రెట్టలు, రాలిపడిన పురుగుల రెక్కలు, దూలాల మీద మరకలు వెతుకుతారు. ఆనవాళ్లు కనబడినా, ఉండే అవకాశం ఉందని తేలినా, సాయంత్రం పూట అవి బయటికి వచ్చేటప్పుడు లెక్కపెట్టే సర్వే చేయాలి. అది మే నుంచి సెప్టెంబర్ దాకానే కుదురుతుంది. అక్టోబర్‌లో ఇల్లు కొని నవంబర్‌లో ఆర్కిటెక్ట్‌ను పట్టుకుంటే, డ్రాయింగులన్నీ సిద్ధం చేసుకుని మే దాకా గోళ్లు గిల్లుకుంటూ కూర్చోవాలి. సర్వే తర్వాత ఇస్తాం, ముందు అనుమతి ఇవ్వండి అంటే మామూలుగా ఒప్పుకోరు.

బార్న్ అవుల్, అంటే తెల్ల గుడ్లగూబ, గూడు పెట్టి ఉంటే దానికీ ప్రత్యేక రక్షణ ఉంది. పాత బార్న్‌ల గోడ పైభాగంలో దాని కోసమే వదిలిన కంత కనిపిస్తుంది. ఎలుకలను పడుతుందని రైతులే దాన్ని రమ్మని పిలిచేవాళ్లు. ఆ కంతను మూసేయకుండా వెనక పెట్టె అమర్చేలా డ్రాయింగ్‌లో చూపిస్తే కౌన్సిల్ ఆఫీసర్‌కూ నచ్చుతుంది, గెస్టులకూ చెప్పుకోవడానికి ఒక కథ ఉంటుంది.

ఏ కట్టడంలో ఏం పెట్టాలి

దరఖాస్తు నెగ్గేదీ ఓడేదీ చాలావరకు ఇక్కడే. పెద్ద బార్న్‌నే చూడండి. రెండు పక్కలా ఎదురెదురుగా బండి పట్టేంత పెద్ద తలుపులుంటాయి. మధ్యలో గట్టి నేల. అది కళ్లం. ధాన్యం నూర్చి, రెండు తలుపులూ తెరిచి, అటూ ఇటూ వీచే గాలికి తూర్పారబట్టేవాళ్లు. మనం ఆరుబయట చేసిన పనిని వానల దేశంలో కప్పు కింద చేసుకున్నారు, అంతే తేడా. ఆ రెండు తలుపులూ, వాటి మధ్య ఖాళీ, నేల నుంచి కప్పు దాకా ఎక్కడా అడ్డం లేని ఎత్తు, ఇవి కనబడితేనే అది బార్న్. అందులో రెండంతస్తులు వేసి ఎనిమిది గదులు చేస్తామంటే కన్జర్వేషన్ ఆఫీసర్, అంటే కౌన్సిల్‌లో పాత కట్టడాల సంగతి చూసే అధికారి, దాదాపు తప్పకుండా అభ్యంతరం చెబుతారు. అదే బార్న్‌ను రెస్టారెంట్ హాలుగా ఉంచి, తలుపుల స్థానంలో లోపలికి జరిపిన గాజు అమర్చి, వంటగదిని పక్కనున్న చిన్న పాకలో పెడితే మాట్లాడుకోవడానికి దారి ఉంటుంది. పశువుల కొట్టం ఎలాగూ అరలు అరలుగానే ఉంటుంది కాబట్టి గదులకు అదే సరిపోతుంది.

గోడల సంగతి కూడా ముందే అనుకోండి. పాత రాతి, ఇటుక గోడలు సున్నంతో కట్టినవి, తేమ పీల్చి వదులుతుంటాయి. పైన సిమెంట్ పూస్తే తేమ లోపలే ఉండిపోయి గోడ పాడవుతుంది. దరఖాస్తులో ‘సిమెంట్ ప్లాస్టర్’ అన్న మాట కనిపిస్తే దాన్ని రాసినవాళ్లకు పాత కట్టడాలు తెలియవని ఆఫీసర్‌కు అర్థమైపోతుంది. దూలాల మీద వడ్రంగులు చెక్కిన గుర్తులు, దుష్టశక్తులు రాకుండా గీసిన పువ్వు గీతలు కొన్నిచోట్ల ఇంకా ఉంటాయి. ఇసుకతో రాపిడి చేసి దూలాలను మెరిపించాలనే ఆలోచన ఉంటే మానుకోండి, అవి పోతాయి.

ఇవన్నీ కాగితం మీద పెట్టేదే హెరిటేజ్ స్టేట్‌మెంట్. ఏ భాగం ఎప్పటిది, దేనికి విలువ ఉంది, మీ మార్పు దేన్ని ఎంత తాకుతుంది అన్నది అందులో ఉండాలి. దాని కోసం కనీసం స్థానిక చారిత్రక రికార్డునైనా చూసి ఉండాలని జాతీయ ప్లానింగ్ విధానమే అడుగుతుంది. కట్టడానికి కొంత నష్టం తప్పదనుకుంటే దాన్ని దాచొద్దు. నష్టం ఉన్నా ప్రజలకు జరిగే మేలు ఎక్కువని చూపించే అవకాశం ఆ విధానంలోనే ఉంది. కప్పు కూలిపోతున్న బార్న్‌కు మళ్లీ బతుకు దొరకడం, ఊళ్లో ఉద్యోగాలు రావడం ఆ మేలు కిందికే వస్తాయి.

మురుగునీటి సంగతి చాలామందికి గుర్తే రాదు. పల్లెల్లో చాలా లోగిళ్లకు డ్రైనేజీ లైను ఉండదు. శుద్ధి చేసిన నీటిని నేలలోకి రోజుకు 2,000 లీటర్లు, వాగులోకి 5,000 లీటర్ల దాకా షరతులతో పర్మిట్ లేకుండా వదలొచ్చు. పది పన్నెండు గదులు, దానికి తోడు రెస్టారెంట్ అంటే ఆ పరిమితి సులువుగా దాటిపోతుంది. అప్పుడు ఎన్విరాన్‌మెంట్ ఏజెన్సీ పర్మిట్ కావాలి. గేటు దగ్గర రోడ్డు రెండు వైపులా ఎంత దూరం కనబడుతుందన్నది కూడా హైవే అధికారులు చూస్తారు. సన్న దారి, ఎత్తైన కంచె ఉంటే వీటి దగ్గరే పని ఆగిపోవచ్చు, ముందుగా కొలిపించండి.

దరఖాస్తు పెట్టడం

ముందు కౌన్సిల్ దగ్గర ప్రీ-అప్లికేషన్ సలహా తీసుకోండి. చాలా కౌన్సిళ్లు దీనికి ఫీజు తీసుకుంటాయి, అయినా దండగ కాదు. వీలైతే కన్జర్వేషన్ ఆఫీసర్‌ను చోటు దగ్గరికే రమ్మని అడగండి. బార్న్‌లో నిలబడి పది నిమిషాలు మాట్లాడితే తేలిపోయేది ఈమెయిళ్లలో నెల పడుతుంది.

కావాల్సిన అనుమతులు రెండు. వాడకం మారుస్తున్నందుకు ప్లానింగ్ పర్మిషన్, కట్టడాన్ని తాకుతున్నందుకు లిస్టెడ్ బిల్డింగ్ కన్సెంట్. ప్లానింగ్ పోర్టల్ అనే వెబ్‌సైట్‌లో రెండూ కలిపి ఒకే ఫారంగా పెట్టొచ్చు. కన్సెంట్‌కు ఫీజు లేదు, ప్లానింగ్‌కు ఉంది, ఎంతో పోర్టల్‌లోని కాలిక్యులేటర్ చెబుతుంది. వాడకాన్ని బట్టి కట్టడాలకు తరగతులున్నాయి: హోటల్ ‘సీ1’ (C1) తరగతి, రెస్టారెంట్ 2020 సెప్టెంబర్ 1 నుంచి ‘ఈ’ (E) తరగతి. రెస్టారెంట్ బయటివాళ్లకు కూడా తెరిచి ఉంటుందా, బస చేసేవాళ్లకేనా అన్నది స్పష్టంగా రాయండి. పార్కింగ్, శబ్దం లెక్కలన్నీ దాన్ని బట్టే మారతాయి.

ఫారంతో పాటు 1:1250 లేదా 1:2500 స్కేల్‌లో లొకేషన్ ప్లాన్ పెట్టాలి. స్థలం చుట్టూ ఎర్ర గీత, మీకే ఉన్న మిగతా భూమి చుట్టూ నీలి గీత. ఎర్ర గీత పబ్లిక్ రోడ్డు దాకా రావాలి. ఇది మర్చిపోయి దరఖాస్తు వెనక్కి వచ్చినవాళ్లు బోలెడుమంది. ఇప్పటి, ప్రతిపాదిత ప్లాన్లు, డిజైన్ అండ్ యాక్సెస్ స్టేట్‌మెంట్ (డిజైన్ ఎందుకలా ఉంది, లోపలికి రాకపోకలెలా అన్న వివరణ), హెరిటేజ్ స్టేట్‌మెంట్, గబ్బిలాల సర్వే, కట్టడం బలం గురించి ఇంజినీర్ రిపోర్టు, డ్రైనేజీ వివరాలు జతచేయాలి. భూమి మీద కౌలుదారు ఉంటే వాళ్లకు నోటీసు ఇచ్చినట్టు సర్టిఫికెట్ కూడా ఉండాలి. జీవవైవిధ్యం 10 శాతం పెరగాలన్న నిబంధన 2024 నుంచి వచ్చింది. పాత కట్టడాలు, రాళ్లు పరిచిన వాకిలి వరకే అయితే మినహాయింపు దొరకొచ్చు. పచ్చిక మీద పార్కింగ్ వేస్తే మాత్రం లెక్క చెప్పాలి.

ఏ కాగితం తగ్గినా దరఖాస్తు ‘వ్యాలిడ్’ కాదు. వ్యాలిడ్ అయిన రోజు నుంచే 8 వారాల లెక్క మొదలవుతుంది. ఆ తర్వాత నోటీసు, 21 రోజుల అభ్యంతరాల గడువు. ఊళ్లోవాళ్లు రాసే ఉత్తరాలు ఆన్‌లైన్‌లో కనబడతాయి, చదివి టెన్షన్ పడొద్దు. ఆఫీసర్ చూసేది ఎన్ని వచ్చాయని కాదు, వాటిలో ప్లానింగ్‌కు సంబంధించిన కారణం ఉందా అని. గడువు పెంచుకుందామా అని ఆఫీసర్ అడిగితే అది సాధారణంగా మంచి సూచనే, ఇంకా మాట్లాడే ఉద్దేశం ఉందని అర్థం.

కౌన్సిల్ కాదంటే ఆరు నెలల్లోపు ప్లానింగ్ ఇన్‌స్పెక్టరేట్ అనే ప్రభుత్వ సంస్థకు అప్పీల్ చేయొచ్చు. సరిదిద్దుకుని మళ్లీ పెట్టడం ఎక్కువసార్లు మేలు. ఒకప్పుడు రెండోసారి ఫీజు ఉండేది కాదు, 2023 డిసెంబర్ 6 నుంచి ఆ వెసులుబాటు తీసేశారు.

అనుమతి చేతికొచ్చాక

సున్నం నమూనా చూపించండి, కిటికీ వివరాలు 1:5 స్కేల్‌లో ఇవ్వండి అంటూ దాంతో పాటు షరతులు వస్తాయి. పని మొదలుపెట్టకముందు తీర్చాల్సినవి ఏవో విడిగా రాసుకోండి, వాటికీ మళ్లీ దరఖాస్తే. సాధారణంగా మూడేళ్లలోపు పని మొదలవ్వాలి. గబ్బిలాలు ఉన్నట్టు తేలితే ప్రకృతి సంరక్షణ చూసే నేచురల్ ఇంగ్లండ్ సంస్థ లైసెన్స్ కావాలి. దానికి మామూలుగా ప్లానింగ్ అనుమతి వచ్చాకే దరఖాస్తు పెట్టగలరు.

బిల్డింగ్ రెగ్యులేషన్స్, అంటే కట్టడం భద్రత నియమాలు, వేరే దారి. పాత పలకల తలుపు ఉంచమని ఒకరు, అగ్నిని ఆపే తలుపు పెట్టమని ఇంకొకరు అంటారు. ఈ గొడవ ప్రతి లోగిలిలోనూ వస్తుంది. ఫైర్ కన్సల్టెంట్‌నూ కన్జర్వేషన్ ఆఫీసర్‌నూ ఒకే రోజు చోటు దగ్గర కలిపితే సగం తేలిపోతుంది. తెరిచే ముందు ఫైర్ రిస్క్ అసెస్‌మెంట్ రాతలో ఉండాలి.

మద్యం అమ్మాలంటే కౌన్సిల్ లైసెన్సింగ్ విభాగంలో ప్రెమిసెస్ లైసెన్స్ తీసుకోవాలి, పర్సనల్ లైసెన్స్ ఉన్న ఒకరిని బాధ్యులుగా చూపించాలి. లేత నీలం కాగితం మీద నోటీసు 28 రోజులు గేటు దగ్గర కనబడాలి. తెల్ల కాగితం చెల్లదు. వానకు తడవకుండా కవర్‌లో పెట్టి, రోజూ ఒక ఫొటో తీసి ఉంచుకోండి. ఇదే 28 రోజుల లెక్క ఇంకోచోట కూడా వస్తుంది. తెరవడానికి కనీసం 28 రోజుల ముందు కౌన్సిల్‌లో ఆహార వ్యాపారంగా నమోదు చేసుకోవాలి. దీనికి ఫీజు లేదు, నమోదు చేయం అనే హక్కు కౌన్సిల్‌కు లేదు. ఆ తర్వాత ఇన్‌స్పెక్టర్ వస్తారు, 0 నుంచి 5 దాకా రేటింగ్ ఇస్తారు. సున్నపు గోడలు ఆరుతుండగానే ఈ రెండు దరఖాస్తులూ ఒకేసారి పెట్టేయొచ్చు.