ఇంగ్లీషు సమూహనామాల పక్కన ‘ఈజ్’ రాయాలా, ‘ఆర్’ రాయాలా?

పర్లాకిమిడి, రాయగడ ప్రాంతాల్లో ఇంట్లో తెలుగు మాట్లాడుతూ బడిలో ఒడియా చదివే పిల్లలకు ఇంగ్లీషు మూడో భాష అవుతుంది. అనేక ప్రాణులను గాని, వస్తువులను గాని, మనుషులను గాని ఒకే పేరుతో చెప్పే సమూహనామాలు వారికి తేలికగానే అర్థమవుతాయి. చిక్కంతా వాటి పక్కన రాయవలసిన క్రియ దగ్గరే వస్తుంది.

మొదట వాక్యంలో కర్త ఏదో పట్టుకోండి. గజపతి జిల్లాలో ఊరి పొలిమేరకు ఏనుగులు వచ్చాయనుకుందాం. ‘ఎ హెర్డ్ ఆఫ్ ఎలిఫెంట్స్ ఈజ్ నియర్ ది విలేజ్’ అని రాయాలి. క్రియకు ఆనుకొని ‘ఎలిఫెంట్స్’ ఉండటంతో చేయి దానంతట అదే ‘ఆర్’ రాసేస్తుంది. ‘ఆఫ్ ఎలిఫెంట్స్’ అన్న రెండు మాటలనూ వేలితో మూసి చదివితే మిగిలేది ‘ఎ హెర్డ్’ మాత్రమే, అంటే ఒకే మంద, కనుక ఏకవచనం. మందలు రెండైతే ‘టూ హెర్డ్స్’ అవుతుంది, అప్పుడు ‘ఆర్’ సరైనదే.

తరువాత ఆ సమూహం ఒక్కటిగా వ్యవహరిస్తోందా, సభ్యులు ఎవరి దారి వారు పట్టారా అన్నది చూడాలి. రథయాత్ర కమిటీ ఒక నిర్ణయం తీసుకుంటే ‘ది కమిటీ హ్యాజ్ గివెన్ ఇట్స్ డెసిషన్’ అంటాం. సభ్యుల్లో భేదాభిప్రాయాలు వస్తే బ్రిటిష్ పద్ధతిలో ‘ది కమిటీ ఆర్ డివైడెడ్ ఇన్ దెయిర్ ఒపీనియన్స్’ అనవచ్చు. అమెరికన్లు మాత్రం ఇలాంటి చోట కూడా ఎక్కువగా ఏకవచనమే వాడతారు. సందేహం వచ్చినప్పుడు ‘ది మెంబర్స్ ఆఫ్ ది కమిటీ ఆర్’ అని రాయడమే మేలు, దాన్ని ఎవరూ తప్పుపట్టలేరు. ఏది రాసినా ‘హ్యాజ్’తో మొదలుపెట్టి అదే వాక్యంలో ‘దెయిర్’ తేకూడదు.

కొన్ని మాటలకు ఈ పరీక్ష అవసరం లేదు. ‘పోలీస్’, ‘క్యాటిల్’ రూపంలో ఏకవచనంలా కనిపించినా ఎప్పుడూ బహువచన క్రియనే కోరతాయి: ‘ది పోలీస్ హ్యావ్ కమ్’. ‘ఫర్నిచర్’, ‘లగేజ్’ దీనికి తలకిందులు, ఎన్ని సామాన్లున్నా ‘ఈజ్’ తప్ప మరొకటి పనికిరాదు.

ఇక ఏ గుంపుకు ఏ పేరు? చిలికా సరస్సు మీది పక్షులకు ‘ఫ్లాక్’, అందులోని చేపలకు ‘షోల్’, తేనెటీగలకు ‘స్వార్మ్’, తాళంచెవులకు ‘బంచ్’. కాకుల గుంపును ‘మర్డర్’ అంటారని బట్టీ పట్టించేవారున్నారు గాని, మామూలు రాతలో దాని అవసరం దాదాపు రాదు, ‘ఫ్లాక్’ చాలు.

వీటికి దగ్గరలోనే ఉండి ఎక్కువ మార్కులు పోగొట్టేది ‘నంబర్’. ‘ఎ నంబర్ ఆఫ్ స్టూడెంట్స్ ఆర్ ఆబ్సెంట్’ అంటే పలువురు రాలేదని, కనుక బహువచనం. ‘ది నంబర్ ఆఫ్ స్టూడెంట్స్ ఈజ్ స్మాల్’ అన్నప్పుడు చెబుతున్నది ఆ సంఖ్య గురించి, కనుక ఏకవచనం.