ట్రైలర్ లోపల ఎల్ఈడీ స్ట్రిప్ బిగించే ముందు

పన్నెండు వోల్టులే కదా, షాక్ కొట్టదు కదా అన్న ధీమాతోనే చాలామంది బండి వెనక తగిలించి లాగే, నాలుగు వైపులా మూసి ఉన్న ట్రైలర్‌లో లైట్ల పని మొదలుపెడతారు. షాక్ కొట్టదు, నిజమే. భయపడాల్సింది మంటకి. బ్యాటరీ ప్లస్, మైనస్ వైర్లు ఒకదానికొకటి తగిలితే ఒక్క క్షణంలో వందల ఆంపియర్లు పారతాయి. సన్నటి వైరైతే ఎర్రగా కాలి, పైన ఉన్న ప్లాస్టిక్ తొడుగు అంటుకుంటుంది. గోడలకు ప్లైవుడ్, దాని వెనక ఇన్సులేషన్, లోపల నిండా సామాను, బయట గడియ. లోపల పొగ మొదలైనా ముందు బండి నడుపుతున్న మనిషికి తెలిసే దారి లేదు.

అందుకే ఫ్యూజు గురించి ముందు మాట్లాడుకుందాం. ఫ్యూజు ఉన్నది వైరుని కాపాడటానికి. దాన్ని స్విచ్ పక్కనో స్ట్రిప్ మొదట్లోనో పెడితే, బ్యాటరీ నుంచి అక్కడిదాకా ఉన్న వైరంతా రక్షణ లేకుండా ఉన్నట్టే. బ్యాటరీ ప్లస్ టెర్మినల్ నుంచి జానెడు దూరం లోపలే ఫ్యూజు రావాలి. ఎంత ఫ్యూజు అన్నది లెక్కేస్తే తెలుస్తుంది. మీటరుకి 60 బల్బులుండే 5050 రకం (ఒక్కో బల్బు 5 మిల్లీమీటర్ల చదరం) స్ట్రిప్ మీటరుకి సుమారు 14.4 వాట్లు తీసుకుంటుంది. 5 మీటర్ల చుట్టకి 72 వాట్లు, అంటే 12 వోల్టుల దగ్గర 6 ఆంపియర్లు. దానికి 7.5 ఆంపియర్ల ఫ్యూజు సరిపోతుంది. అది కొట్టేస్తోందని 20 ఆంపియర్లది పెట్టకండి. కొట్టేస్తోందంటే ఎక్కడో తప్పు ఉంది, ముందు దాన్ని వెతకండి.

వైరు మందం దగ్గర కూడా చాలామంది పొదుపు చూస్తారు. బ్యాటరీ నుంచి స్ట్రిప్‌కి 6 మీటర్ల దూరం ఉందనుకోండి. కరెంటు వెళ్ళి తిరిగి రావాలి కాబట్టి లెక్కలోకి వచ్చేది 12 మీటర్ల రాగి. 6 ఆంపియర్లు పారుతుంటే 1.5 స్క్వేర్ ఎంఎం వైరులో సుమారు 0.84 వోల్టు దారిలోనే పోతుంది. 2.5 స్క్వేర్ ఎంఎం వేస్తే ఆ నష్టం అర వోల్టుకి తగ్గుతుంది. నేనైతే 2.5 కన్నా తక్కువ వేయను. స్ట్రిప్‌లోని రాగి పట్టీ అయితే ఇంకా పల్చన. 5 మీటర్లు దాటి ఒక చుట్ట చివర ఇంకో చుట్ట కలుపుకుంటూ పోతే చివర వెలుగు మసకబారుతుంది, మొదట్లో పట్టీ వేడెక్కుతుంది. ప్రతి 5 మీటర్లకీ విడిగా వైరు లాగండి.

ఎక్కువమంది పట్టించుకోని విషయం ఇంకొకటుంది. 12 వోల్టుల బ్యాటరీ ఎప్పుడూ 12 దగ్గర ఉండదు. నిండుగా ఉండి ఊరికే కూర్చున్నప్పుడు 12.6 ఉంటుంది, ఛార్జింగ్ అవుతున్నప్పుడు 14.4 దాకా వెళ్తుంది. స్ట్రిప్‌లో మూడేసి బల్బులు ఒక చిన్న రెసిస్టర్‌తో వరసగా ఉంటాయి. ఆ మూడు బల్బులే తొమ్మిది వోల్టుల పైచిలుకు తీసుకుంటాయి, మిగిలిందంతా రెసిస్టర్ మీద పడుతుంది. కాబట్టి రెండు వోల్టులే పెరిగినా కరెంటు ఒకటిన్నర రెట్లు దాటిపోవచ్చు. కొత్త స్ట్రిప్ కొన్ని నెలలకే గోధుమ రంగుకి తిరిగిందంటే సాధారణంగా ఇదే కారణం. 12 వోల్టులు నిలకడగా ఇచ్చే చిన్న రెగ్యులేటర్ మధ్యలో పెడితే ఈ బాధ ఉండదు. ట్రైలర్‌ని లాగేది లారీ అయితే ఇంకో జాగ్రత్త: చాలా లారీల్లో 24 వోల్టులుంటాయి. మల్టీమీటర్‌తో కొలిచాకే 12 వోల్టుల స్ట్రిప్ కలపండి.

లాగే బండి నుంచి వచ్చే బ్రేక్ లైటు వైరుకో, ఇండికేటర్ వైరుకో ఈ స్ట్రిప్‌ని తగిలించొద్దు. సులువుగా కనిపిస్తుంది, నిజమే. కానీ అదనపు భారానికి అక్కడి ఫ్యూజు పోతే నడిరోడ్డు మీద వెనక లైట్లు ఆరిపోతాయి.

పనిలో దిగేటప్పుడు బ్యాటరీ మైనస్‌ని ముందు విప్పండి. ప్లస్ ముందు విప్పబోతే పానా పొరపాటున మైనస్‌తో కలిసి ఉండే ఛాసిస్‌కి (బండి ఇనుప చట్రానికి) తగిలి నిప్పు రవ్వలు లేస్తాయి. తిరిగి కలిపేటప్పుడు మైనస్ చివర.

డ్రిల్ పట్టుకునే ముందు గోడ వెనక ఏముందో చూడండి. ట్రైలర్ తయారైనప్పుడు వేసిన వైర్లు చాలాసార్లు ఆ ప్లైవుడ్ వెనకే పోతాయి. పైకప్పు రేకు పల్చగా ఉంటుంది, స్క్రూ కొంచెం పొడవైనా బయటికి పొడుచుకొస్తుంది, వానాకాలంలో అక్కడే నీరు కారుతుంది. వైరు రేకులోంచి పోయే ప్రతి రంధ్రానికీ రబ్బరు గ్రోమెట్ (రేకు అంచు వైరుకి తగలకుండా అడ్డుండే రింగు) పెట్టాలి. నేను ఒకసారి ఒక్క రంధ్రానికి పెట్టలేదు, ఇది చిన్నదే కదా అనుకున్నాను. రెండు నెలల కుదుపులకి రేకు అంచు వైరు తొడుగుని కోసేసింది. ఫ్యూజు ఉంది కాబట్టి లైట్లు ఆరిపోవడంతో సరిపోయింది. విప్పి చూస్తే రాగి తీగ మెరుస్తూ కనిపించింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఆ కుదుపులే అతుకుల్నీ చెడగొడతాయి. నొక్కి పెట్టే ప్లాస్టిక్ క్లిప్పులు ఇంట్లో పనికొస్తాయి గానీ ట్రైలర్‌లో వదులైపోతాయి. సోల్డర్ చేస్తే అతుకు పక్కనే వైరు గట్టిపడి, ఊగి ఊగి అక్కడే తెగొచ్చు, దాన్ని కదలకుండా బిగించాలి. జిగురున్న హీట్ ష్రింక్ కనెక్టర్‌తో (వేడి చేస్తే వైరు చుట్టూ బిగుసుకునేది) బాగా క్రింప్ చేస్తే, అంటే పనిముట్టుతో గట్టిగా నొక్కి బిగిస్తే, టెన్షన్ ఉండదు. ఎర్త్‌ని (మైనస్ వైరుని) ఛాసిస్‌కి ఇస్తే పెయింట్ గీకి లోహం కనిపించాక బోల్టు బిగించండి, పైన గ్రీజు రాయండి.

స్ట్రిప్ వెనక టేపుని మాత్రమే నమ్ముకోకండి. ఎండలో మూసిన పెట్టె కొలిమిలా కాగుతుంది, జిగురు కరిగి స్ట్రిప్ వేలాడుతుంది. అల్యూమినియం ఛానెల్‌లో బిగిస్తే వేడీ పోతుంది, సామాను తగిలినా దెబ్బ తినదు. వెనిగర్ వాసన వచ్చే సిలికాన్ జిగురు వాడొద్దు, అది రాగిని తింటుంది, న్యూట్రల్ రకం తీసుకోండి. చుట్ట విప్పకుండా వెలిగించి పరీక్షించడం కూడా ప్రమాదమే, వేడి బయటికి పోయే దారి ఉండదు.

బ్యాటరీ ట్రైలర్ లోపలే ఉంటే గాలి ఆడే దారి తప్పనిసరి. లెడ్ యాసిడ్ బ్యాటరీ ఛార్జింగ్‌లో హైడ్రోజన్ వదులుతుంది. అది తేలికగా పైకప్పు కిందకే చేరుతుంది, గాలిలో 4 శాతం ఉన్నా ఒక్క నిప్పు రవ్వకి అంటుకుంటుంది. పెట్రోల్ ఆవిరి అందుకు విరుద్ధం, బరువుగా నేలమీద నిలుస్తుంది. బైకో పెట్రోల్ డబ్బానో తీసుకెళ్ళేవారు, నొక్కినప్పుడు చిన్న రవ్వ రాగల స్విచ్‌ని నేలకి దగ్గరగా పెట్టొద్దు. తలుపులు తెరిచి కాసేపు గాలి ఆడాకే లైటు వేయండి.

లైటు వేసి మర్చిపోతే 6 ఆంపియర్ల చొప్పున 8 గంటల్లో 48 ఆంపియర్ అవర్లు ఖర్చవుతాయి. 100 ఆంపియర్ అవర్ల బ్యాటరీ తెల్లారేసరికి దాదాపు సగం ఖాళీ. తలుపు మూస్తే ఆరిపోయే స్విచ్ పెట్టుకోండి.

అంతా అయ్యాక ఫ్యూజుని చివరగా పెట్టి, గంటసేపు వెలిగించి ఉంచి, ప్రతి అతుకునీ, స్విచ్‌నీ, ఫ్యూజు హోల్డర్‌నీ చేత్తో తాకి చూడండి. చెయ్యి పెట్టలేనంత వేడి ఎక్కడుంటే అక్కడ విప్పి మళ్ళీ చేయండి. మొదటి ప్రయాణం నుంచి రాగానే సామాను దించేశాక ఇంకోసారి అన్నీ లాగి చూడండి. ముఖ్యంగా గ్రోమెట్ల దగ్గర.