వేళ్ళకి తిరగని మిషనుకి హ్యాండిల్ బిగించకండి

సంక్రాంతి దగ్గరపడితే ఇళ్ళలో సున్నాలు, దులుపుళ్ళు. అటక మీది సామానంతా కిందికి దిగుతుంది. పోయిన ఆదివారం మా పక్క వీధిలో ఒకాయన అలాగే వాళ్ళ నాయనమ్మ నల్ల సింగర్ కుట్టు మిషను దించాడు. మోటారు పీకేసి, బజార్లో కొన్న చేతి హ్యాండిల్ బిగించాడు. చక్రం అప్పటికే పట్టేసి ఉంది. హ్యాండిల్ ఉంటే బలం దొరుకుతుంది, అదే కదులుతుందిలే అని రెండు చేతులతో తిప్పాడు. చక్రం ఆకు, అదే స్పోకు, ఠప్పున విరిగింది. చెయ్యి జారి విరిగిన మొన మీద పడింది, మధ్య వేలికి నాలుగు కుట్లు పడ్డాయి. విరిగిన ముక్క నాకు చూపించాడు. లోపలంతా బూడిద రంగులో, పంచదార పలుకుల్లా మెరుస్తోంది. పోత ఇనుము అంతే, వంగదు, విరుగుతుంది.

ఇలా పాడైన మిషన్లు నేను చాలా చూశాను. అన్నిటిదీ ఒకటే తప్పు: పట్టేసిన మిషనుని హ్యాండిల్‌తో కదిలించబోవడం. హ్యాండిల్ ఒక చుట్టు తిరిగితే సూది మూడుసార్లు దిగుతుంది. అంటే చక్రాన్ని వేళ్ళతో తిప్పడం కన్నా హ్యాండిల్‌తో తిప్పడానికే ఎక్కువ బలం పెట్టాలి. ఆ బలమంతా హ్యాండిల్ కొక్కెం తగిలే ఒక్క ఆకు మీదే పడుతుంది. మనకొచ్చిన పాత సింగర్లలో చాలావాటిని పోసిన స్కాట్లండ్‌ క్లైడ్‌బ్యాంక్ ఫ్యాక్టరీ 1980లోనే మూతపడింది. ఆ పోత మళ్ళీ రాదు.

ముందు మిషను వదులవ్వాలి

సూది, బాబిన్ కేసు తీసేయండి. చక్రం మధ్యలోని గుండ్రటి నాబుని, అదే బాబిన్ చుట్టేటప్పుడు వదులు చేసేదాన్ని, వదులు చేయండి. చక్రం ఒక్కటే గిర్రున తిరిగితే లోపం మిషను లోపల ఉంది. చక్రం కూడా కదలకపోతే దాని బుష్షులో జిడ్డు ఎండిపోయింది.

మన ఇళ్ళలో ఆ జిడ్డు చాలావరకు కొబ్బరినూనే. మిషను నూనె అయిపోయిన రోజున ఎవరో రెండు చుక్కలు వేసి ఉంటారు. చలికి అది గడ్డకడుతుంది, ఏళ్ళు గడిస్తే తేనె రంగులో బంకలా అంటుకుపోతుంది. ప్రతి నూనె రంధ్రంలో కిరసనాయిలు చుక్కలు వేసి ఒక రాత్రి వదిలేయండి. మర్నాడు చక్రాన్ని ముందుకీ వెనక్కీ వెంట్రుకవాసి కదపండి. కదిలిన చోటల్లా మళ్ళీ చుక్క వేయండి. నాకు ఒక మిషను వదలడానికి పదకొండు రోజులు పట్టింది. కింద బాబిన్ కేసు కూర్చునే షటిల్ తిరిగే గాడిలో దారం ముక్క ఇరుక్కుందేమో టార్చి వేసి చూడండి. సగం మిషన్లలో నేను చూసిన దోషం అదే. వదులయ్యాక కిరసనాయిలు తుడిచి అసలైన మిషను నూనె వేయండి. కిరసనాయిలు కందెన కాదు, అలా వదిలేస్తే ఇనుము అరుగుతుంది.

రెండు వేళ్ళ కొసలతో చక్రం పూర్తి చుట్టు తిరిగేదాకా హ్యాండిల్ పెట్టెలోనే ఉండాలి.

హ్యాండిల్ పడుతుందా లేదా

చక్రానికి ఆకులుండాలి. మోటారు మిషన్లకు చాలావాటికి నిండు చక్రం వస్తుంది, కొక్కెం దూరే చోటుండదు. అలాంటప్పుడు ఆకుల చక్రం వెతికి మార్చాలి. సింగర్ 15, దాని నమూనాలో వచ్చిన ఉషాల్లాంటివైతే కుడివైపు స్తంభం వెనక మోటారు బిగించే దిమ్మ ఉందో లేదో చూడండి. హ్యాండిల్ కూర్చునేది దాని మీదే. దిమ్మ లేకపోతే అక్కడితో ఆపేయండి. పోత ఇనుముకి డ్రిల్లు పెట్టొద్దు.

ఇక మిగతావి, గుర్తొచ్చినట్టు రాస్తున్నాను.

మోటారు ముట్టుకునే ముందు ప్లగ్గు గోడ నుంచి పీకండి. స్విచ్ ఆపితే చాలదు. పాత రబ్బరు తీగ చేత్తో వంచితే పొడిపొడిగా రాలుతుంది, లోపలి రాగి బయటపడుతుంది.

మిషను వెనక్కి వాల్చే ముందు బల్ల వెనక బందుల స్క్రూలు రెండూ బిగించండి. వదులుగా ఉంటే పది కిలోలకు పైబడ్డ హెడ్డు కాళ్ళ మీదే పడుతుంది.

నాబు వెనక చెవుల వాషరు తీసేముందు ఫోటో తీసుకోండి. తిరగేసి పెడితే చక్రం తిరుగుతుంది, సూది కదలదు.

బంగారు పూల మీద స్పిరిట్, థిన్నర్ పోయొద్దు. లక్కపూత కరిగి పూలన్నీ గుడ్డకే వస్తాయి.

పెట్రోలు వద్దే వద్దు.

కిరసనాయిలు గుడ్డలు పొయ్యి గదిలో ఆరేయొద్దు.

సుత్తి వద్దు. చెక్క సుత్తి కూడా వద్దు.

చక్రం పైభాగం మనవైపు రావాలి. దారం ఎక్కించాక వెనక్కి తిప్పితే కింద ముడి పడి మళ్ళీ పట్టేస్తుంది. అప్పుడూ హ్యాండిల్‌తో లాగొద్దు. నాబు వదులు చేసి, దారం కత్తిరించి, వేళ్ళతో విడిపించండి.

పిల్లలు తిప్పుతుంటే రెండో చెయ్యి ఒళ్ళో ఉండాలి, చక్రం మీద కాదు. కొక్కేనికీ ఆకుకీ మధ్య చిన్న వేలు సరిగ్గా పడుతుంది.

పొద్దున్నే నూనె పోసి, కొంచెం కదిలిందని సాయంత్రం బిగించేయకండి. రాత్రి చల్లబడ్డాక మళ్ళీ పట్టేయొచ్చు. మర్నాడు పొద్దున లేవగానే, కొత్త నూనె వేయకుండా, రెండు వేళ్ళతో తిప్పి చూడండి. తిరిగితేనే స్క్రూ డ్రైవర్ తీయండి.