ఇంట్లో చేసిన టెలిస్కోపుతో ఆకాశాన్ని ఫొటో తీయడం - 4వ పాఠం: ఫోనుతో చంద్రుడు

గత పాఠంలో అద్దాలను సరిచేసుకున్నాం కాబట్టి ఇక ఫొటో తీయవచ్చు. మన గొట్టంలో ఉన్నది 150 మి.మీ. అద్దం, నాభ్యంతరం (ఫోకల్ లెంగ్త్: అద్దం నుంచి బింబం ఏర్పడే చోటికి దూరం) 1200 మి.మీ. దానికి 25 మి.మీ. ఐపీస్ (కన్ను ఆనించి చూసే కటకం) పెడితే చంద్రుడు 48 రెట్లు పెద్దగా, బింబం మొత్తం కనిపిస్తాడు. మొదట్లో ఇంతకు మించి పెంచవద్దు.

పున్నమి నాడు మాత్రం మొదలుపెట్టకండి. ఆ రాత్రి ఎండ చంద్రుడి మీద మనవైపు నుంచే పడుతుంది. నీడలు లేక కొండలూ గోతులూ చదునుగా కనిపిస్తాయి. శుక్ల అష్టమి, నవమి రాత్రులు చూడండి. వెలుగు చీకట్ల సరిహద్దున టాలెమీ, అల్ఫోన్సస్, అర్జాకెల్ బిలాలు ఒకదాని కింద ఒకటి నీడలు నింపుకుని ఉంటాయి. ఆ అందం కోసమే ఇంత శ్రమా! దశమికి 93 కి.మీ. వెడల్పున్న కోపర్నికస్ బిలం మీద పొద్దు పొడుస్తుంది.

అసలు కష్టమంతా ఫోనును నిలపడంలోనే ఉంది. టెలిస్కోపును చంద్రుడికి గురిపెట్టి, ఐపీస్ వెనక తెల్లకాగితం పట్టుకుని ముందుకూ వెనక్కూ జరపండి. ఒకచోట వెలుగు సుమారు 3 మి.మీ. చుక్కగా కుదించుకుపోతుంది. ఫోను కటకం సరిగ్గా అక్కడ ఉండాలి. పక్కకు జరిగితే బింబం అంచులు నల్లబడతాయి. చేత్తో పట్టుకుంటే ఇది నిలవదు. ఐపీస్ మీద బిగువుగా కూర్చునే పీవీసీ గొట్టం ముక్కను పాత ఫోను కవరుకు అతికించండి. దుకాణంలో కొనే బిగింపుకన్నా నాకు ఇదే నచ్చుతుంది: మీ ఐపీస్‌కు, మీ ఫోనుకు తగ్గ పొడవులో కోసుకోవచ్చు.

కెమెరాను ప్రో మోడ్‌లో (అమరికలు మనమే మార్చుకునే పద్ధతి) పెట్టి ఐఎస్‌ఓ (వెలుగుకు కెమెరా సున్నితత్వం) 100, షట్టర్ 1/250 సెకను దగ్గర మొదలుపెట్టండి. బింబం తెల్లగా పాలిపోతే షట్టర్ వేగం పెంచండి. మన టెలిస్కోపుకు ఆకాశం వెంట తిరిగే మోటారు లేదు. భూభ్రమణం వల్ల చంద్రుడు రెండు నిమిషాల్లో తన వెడల్పంత జరిగిపోతాడు. షట్టర్ ఒక సెకను తెరిచి ఉంచితే కోపర్నికస్ తన వెడల్పులో మూడో వంతు చెరిగిపోతుంది. 1/250లో ఆ జరుగుబాటు తెలియదు. వేలి తాకిడికి గొట్టం ఊగకుండా 3 సెకన్ల టైమర్ వాడండి.

టెలిస్కోపును గంట ముందే ఆరుబయట పెట్టండి, అద్దం చల్లబడాలి. డాబా కన్నా మట్టినేల మంచిది. పగలంతా కాగిన స్లాబు రాత్రి వేడి వదులుతుంటే బింబం అలల్లా కదులుతుంది.

ఫొటో తలకిందులుగా వస్తుంది. 180 డిగ్రీలు తిప్పితే చాలు, ఎడమ కుడులు కూడా సరిపోతాయి.

వచ్చే పాఠానికి అష్టమి, దశమి రాత్రుల ఫొటోలు ఒక్కొక్కటి తీసి ఉంచుకోండి. వాటితోపాటు ఒక నిమిషం వీడియో కూడా; అందులోంచి పదునైన ఫ్రేములు ఏరి ఒకటిగా పేర్చడం అప్పుడు నేర్చుకుందాం.