గ్రామ సంఘం సోలార్ ప్లాంటుకు పెట్టుబడి ఎలా సమకూర్చుకోవాలి?

రైతులకు సౌర విద్యుత్తు కోసం కేంద్రం తెచ్చిన పీఎం కుసుమ్ పథకం కింద ఊళ్లో సోలార్ ప్లాంటు పెడితే ఖర్చులో కొంత ప్రభుత్వమే భరిస్తుందని చాలా సంఘాలు అనుకుంటాయి. వ్యవసాయ పంపుసెట్లకు సంబంధించిన విభాగాల్లో అలాంటి సబ్సిడీ ఉన్న మాట నిజమే. అయితే 500 కిలోవాట్ల నుంచి 2 మెగావాట్ల వరకు ప్లాంటు పెట్టి గ్రిడ్‌కు (కరెంటు సరఫరా లైన్ల వ్యవస్థకు) కరెంటు అమ్ముకొనే ‘ఎ’ విభాగంలో పెట్టుబడి సబ్సిడీ లేదు. మొదటి అయిదేళ్లు యూనిట్‌కు గరిష్ఠంగా 40 పైసల చొప్పున కేంద్రం ఇచ్చే ప్రోత్సాహకం కూడా కరెంటు కొనే డిస్కంకే (విద్యుత్ పంపిణీ సంస్థకే) వెళ్తుంది. సంఘానికి దక్కేది 25 ఏళ్ల పాటు ఒకే ధరకు కొంటామనే ఒప్పందం. ఆ ఒప్పందాన్ని చూపించి బ్యాంకు అప్పు తెచ్చుకోవాలి. మహిళా సంఘాల చేత 1,000 మెగావాట్ల ప్లాంట్లు పెట్టించాలని తెలంగాణ ప్రభుత్వం లక్ష్యంగా పెట్టుకున్నందున, ఇక్కడి లెక్కలు ఆ రాష్ట్రాన్ని దృష్టిలో ఉంచుకొని ఇస్తున్నాను.

ముందు సబ్‌స్టేషన్, తరువాత భూమి

సాధారణంగా సంఘాలు మొదట భూమి వెతుక్కుంటాయి. వెళ్లవలసింది డిస్కం కార్యాలయానికి. ఏ 33/11 కేవీ సబ్‌స్టేషన్ ఎన్ని మెగావాట్లు తీసుకోగలదో తెలుసుకొని, దానికి 5 కిలోమీటర్ల లోపు, వీలైతే పక్కనే, స్థలం చూసుకోవాలి. సబ్‌స్టేషన్ దాకా వేసే 11 కేవీ లైను ఖర్చు సంఘానిదే కాబట్టి దూరం పెరిగిన కొద్దీ అప్పు పెరుగుతుంది. ఒక మెగావాటుకు 4 నుంచి 5 ఎకరాలు పడుతుంది. భూమి కౌలుకు తీసుకుంటే గడువు ప్లాంటు ఒప్పంద కాలానికి తగ్గకుండా చూసి, లీజు పత్రాన్ని తప్పక రిజిస్టరు చేయించాలి. అసైన్డ్ భూమి (ప్రభుత్వం పేదలకు ఇచ్చిన భూమి) అయితే రెవెన్యూ అధికారుల అనుమతి చేతికి రాకుండా రూపాయి కూడా ఖర్చు పెట్టవద్దు.

అప్పు ఎవరి పేరున?

పదిమంది సభ్యులున్న చిన్న పొదుపు సంఘం పేరున కోట్ల రూపాయల అప్పు పుట్టదు. 1995 నాటి పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం కింద రిజిస్టరైన గ్రామ సంఘమో మండల సమాఖ్యో దరఖాస్తుదారుగా ఉండాలి. రిజిస్ట్రేషన్ పత్రం, పాన్ కార్డు, మూడేళ్ల ఆడిట్ నివేదికలు, ప్లాంటు పెట్టడానికీ అప్పు తీసుకోవడానికీ ఎవరు సంతకం చేయాలో పేర్కొన్న తీర్మానం సిద్ధం చేసుకోవాలి. తీర్మానంలో అప్పు గరిష్ఠ మొత్తాన్ని అంకెల్లోనూ అక్షరాల్లోనూ రాసి, హాజరైన సభ్యులందరి సంతకాలూ అదే పేజీలో ఉండేలా చూడండి. చిన్న విషయంగా కనిపించినా, ఫైలు వెనక్కి రావడానికి ఇందులో లోపం ఒక్కటి చాలు.

సొంత వాటా

మెగావాటుకు సుమారు 3 కోట్ల రూపాయలు అవుతుందని, అందులో 10 శాతం సంఘం పెట్టుకుంటుందని అనుకుందాం. అంటే 30 లక్షలు. గ్రామ సంఘంలో 200 మంది సభ్యులుంటే తలా 15,000 రూపాయలు. అందరూ ఒకేసారి ఇవ్వలేరు కాబట్టి సంఘం మూలనిధి నుంచి కొంత, సభ్యుల వాటాలుగా కొంత సమకూర్చుకోవాలి. ఈ 30 లక్షలను మరోచోట అప్పు తెచ్చి పెట్టడం మాత్రం మంచిది కాదు, ఎందుకంటే ప్లాంటు ఒక్కటే అయినా వాయిదాలు రెండవుతాయి. తమిళనాడులోని కోయంబత్తూరు జిల్లాలో ఓడంతురై పంచాయతీ 2006లో 1.55 కోట్ల రూపాయలతో 350 కిలోవాట్ల గాలిమర పెట్టినప్పుడు 40 లక్షలు తన పొదుపు నుంచే తీసింది, తక్కిన 1.15 కోట్లు బ్యాంకు అప్పు. పావు వంతుకు పైగా సొంత డబ్బు పెట్టిన ఆ ఊరిని బ్యాంకు నమ్మడంలో ఆశ్చర్యం లేదు.

వాయిదాల లెక్క

ఇక్కడ తొందరపడవద్దు. ఒక మెగావాటు ప్లాంటు ఏడాదికి సుమారు 16 లక్షల యూనిట్లు ఇస్తుందనుకుంటే, తెలంగాణలో ఈ పథకానికి నిర్ణయించిన 3.13 రూపాయల చొప్పున 50 లక్షల ఆదాయం వస్తుంది. కౌలు, కాపలా, పలకలు కడిగించడం, బీమా అన్నిటికీ 6 లక్షలు తీసేస్తే 44 లక్షలు మిగులుతాయి. 2.70 కోట్ల అప్పును 9 శాతం వడ్డీకి పదేళ్లలో తీర్చాలంటే ఏడాదికి 41 లక్షలు కట్టాలి; పదిహేనేళ్లయితే 33 లక్షలే. ఏడేళ్ల గడువు పెడితే 52 లక్షలు, అంటే మొత్తం ఆదాయం కంటే ఎక్కువ!

ఏడేళ్ల సంగతి ఎందుకు ఎత్తానంటే, కేంద్రం నడిపే వ్యవసాయ మౌలిక సదుపాయాల నిధి కింద 2 కోట్ల వరకు అప్పుపై 3 శాతం వడ్డీ రాయితీ దొరుకుతుంది, అది ఏడేళ్లకే పరిమితం. 2024 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం కుసుమ్ ‘ఎ’ విభాగాన్ని ఈ నిధితో కలిపి వాడుకొనేందుకు రైతు బృందాలకు, సహకార సంఘాలకు, పంచాయతీలకు వీలు కల్పించింది. మొదటి ఏడాది 6 లక్షల వరకు కలిసివచ్చే ఈ రాయితీ వదులుకోదగినది కాదు గానీ, రాయితీ గడువును అప్పు గడువుగా ఒప్పుకుంటే సంఘం మునుగుతుంది. వడ్డీలో అర శాతం కోసం బేరమాడే సంఘాలు గడువు గురించి అడగకపోవడం నాకు వింతగా తోస్తుంది.

దరఖాస్తు, ఒప్పందం

ప్లాంట్లకు దరఖాస్తులు పిలిచే నోటిఫికేషన్ తెరిచి ఉందో లేదో చూసుకొని దరఖాస్తు పెట్టాలి. కుసుమ్ గడువును ఇదివరకు 2026 మార్చి వరకు పొడిగించారు కాబట్టి తాజా ఉత్తర్వు చదవడం అవసరం. అలాట్‌మెంట్ లేఖ వచ్చాక డిస్కంతో కొనుగోలు ఒప్పందం కుదుర్చుకొని, ప్రాజెక్టు నివేదిక, మూడు సంస్థల కొటేషన్లతో బ్యాంకుకు వెళ్లాలి. పునరుత్పాదక ఇంధన ప్రాజెక్టులకు 35 కోట్ల వరకు ఇచ్చే అప్పులను రిజర్వు బ్యాంకు 2025 ఏప్రిల్ నుంచి ప్రాధాన్య రంగంలో (బ్యాంకులు తమ అప్పుల్లో కొంత శాతం తప్పక ఇవ్వవలసిన రంగాల్లో) లెక్కిస్తోంది. మేనేజరుకు ఇది గుర్తు చేయడంలో తప్పులేదు. నిర్మాణ కాలానికి మారటోరియం (వాయిదాలు కట్టనక్కరలేని విరామం) అడగండి.

సొంత వాటా ఎంతకీ కూడకపోతే, డెవలపర్‌కు స్థలం కౌలుకిచ్చి ఎకరాకు ఇంత అనో యూనిట్‌కు ఇంత అనో తీసుకొనే వీలు కూడా పథకంలో ఉంది. ఆదాయం తక్కువ, అప్పు భారం లేదు. ‘పెట్టుబడంతా మాది, సంతకం మాత్రం మీది’ అంటూ వచ్చే కాంట్రాక్టరుతో ఈ పద్ధతిని కలపవద్దు; అక్కడ అప్పు సంఘం పేరునే ఉంటుంది.

కరెంటు అమ్మకం మొదలయ్యాక

డిస్కం చెల్లింపులు ప్రత్యేక ఖాతాలో పడేలా, అందులోంచి ముందు బ్యాంకు వాయిదా, తరువాత ఖర్చులు, చివర సభ్యుల వాటా వెళ్లేలా రాసుకోండి. బిల్లు పెట్టిన నెలలోనే డబ్బు వస్తుందని లెక్క వేయకుండా, కనీసం మూడు వాయిదాల మొత్తాన్ని పక్కన ఉంచాలి. పదిహేనేళ్ల అప్పుకు నెల వాయిదా 2.74 లక్షలు కాబట్టి అది 8 లక్షలకు పైమాటే. జులై, ఆగస్టు ముసురులో ఉత్పత్తి పడిపోయినప్పుడు ఎండాకాలపు మిగులే వాయిదా కడుతుంది. అందుకని మే నెలలో లాభాలు పంచమని ఎవరు అడిగినా ఒప్పుకోకండి.